యంత్రముల ఇంద్రియములు: వాని దోషపరీక్ష



మన మైలవరమునుండి జి. కొండూరు, కొండపల్లి గ్రామముల మీదుగా ఇబ్రహీంపట్నమునకు పోవు మార్గమున ప్రయాణము చేయువారికి దూరమునుండియే మిన్నుముట్టు పొగగొట్టములు కానవచ్చును. అదియే నార్ల తాతారావుగారి పేర వెలసిన తాపవిద్యుత్కేంద్రము. 1979లో అందు మొదటి యూనిటు పని మొదలిడినది. 1995 నాటికి ఒక్కొక్కటి 210 మెగావాట్ల శక్తి గల యూనిట్లు ఆరు నిలిచినవి. పిదప 2009లో 500 మెగావాట్లది, 2023లో 800 మెగావాట్లది వానికి తోడైనవి. సింగరేణినుండియు, ఒడిశా దేశమందలి తాల్చేరు గనులనుండియు బొగ్గు రైళ్లమీద వచ్చి యచట దిగును. దిగిన బొగ్గును నలుగగొట్టి, రబ్బరు బెల్టులమీద నెక్కించి కొలిమి దాపునకు చేర్చుదురు. మన యిండ్లలో వెలుగు దీపమునకు, పొలములో తిరుగు మోటారునకు ఈ బెల్టుల నడకయే మూలము.

ఇట్టి బెల్టు నడచుచున్నదా, నిలిచినదా, జారుచున్నదా యని రేయింబవళ్లు కనిపెట్టియుండు కావలివాడెవడు? నల్లని ధూళిలో, చెవులు చిల్లులుపడు రొదలో మనుష్యుడు ఎల్లవేళల నిలువజాలడు. అందుచే బొటనవ్రేలంత లావు గల చిన్న గొట్టము నొకదానిని అచట బిగించి కావలి పెట్టుదురు. దానినే పనివాండ్రు ప్రాక్సిమిటీ సెన్సారు అందురు. మనము సన్నిధి గ్రాహకమని చెప్పుకొనవచ్చును. తాకకయే, సమీపమునకు వచ్చిన వస్తువును గుర్తెరుంగుట దాని ధర్మము. ధూళి, వేడి, తడి, అదురు గల చోట్ల ఈ కావలివాడు ఏల తప్పులో బడును, ఆ తప్పును ఎట్లు కనుగొనవలయును అనునదియే నేటి ప్రసంగ విషయము.

ఇది కర్మాగారములవారి గొడవ, మనకేల యని తలపకుడు. మన యూళ్ల బిడ్డలు అనేకులు ఐ.టి.ఐ.లలోను, ఇంజనీరింగు కళాశాలలలోను చదివి, విద్యుత్కేంద్రములందు, జగ్గయ్యపేట ప్రాంతపు సిమెంటు కర్మాగారములందు, ఉయ్యూరు చక్కెర మిల్లునందు, ఊరూర నున్న ధాన్యపు మిల్లులందు ఈ యంత్రములనడుమనే బ్రతుకుచున్నారు. ఈ చిన్న గొట్టము చెప్పు మాట నిజమగునా కాదా యను దానిపై వారి క్షేమము ఆధారపడియున్నది.

ముందుగా దాని పని తీరు చెప్పెదను. 1945లో జర్మనీ దేశమందలి మాన్‌హైము నగరమున వాల్టరు పెప్పర్ల్, లూడ్విగ్ ఫుక్స్ అను నిరువురు రేడియోలు బాగుచేయు చిన్న దుకాణము తెరచిరి. ఆ దుకాణమే పెరిగి, 1958లో ట్రాన్సిస్టరుతో పనిచేయు సన్నిధి స్విచ్చిని నిర్మించినది. రేడియో విద్యనుండి పుట్టిన యీ వస్తువును గూర్చి రేడియోలోనే ముచ్చటించుకొనుట సమంజసమే కదా!

ఆ గొట్టపు మొగమున ఒక తీగచుట్ట కలదు. దానిలో కరెంటు అతివేగముగా నిటునటు ఊగుచు, ఎదుట కంటికి కనబడని అయస్కాంత క్షేత్రమును కల్పించును. ఆ క్షేత్రములోనికి ఇనుము వచ్చినచో, ఆ యినుమునందు కృష్ణలో సుడులు పుట్టినట్లు చిన్న చిన్న కరెంటు సుడులు పుట్టి, చుట్టలోని శక్తిని హరించును. ఊగుచున్న తొట్టెకు చేయి యడ్డుపెట్టిన ఊపు తగ్గునట్లు, చుట్టలోని ఊగులాట మందగించును. లోపలి యేర్పాటు దానిని గ్రహించి, ఇనుము వచ్చినది అని తీగద్వారా కబురు పంపును. బెల్టు వెనుక చివరనున్న డ్రమ్మునకు ఇనుప పలకలు బిగింతురు. డ్రమ్ము తిరిగినకొలది పలకలు ఒక్కొక్కటియే గ్రాహకము నెదుటికి వచ్చి పోవును. ఇన్ని క్షణములకు ఇన్ని కబురులు రావలయునని లెక్క. కబురులు తగ్గినచో బెల్టు జారుచున్నదని అర్థము. ఆగినచో బెల్టు నిలిచినది, లేదా తెగినది. వెంటనే మోటారును ఆపివేయవలయును.

న్యాయశాస్త్రకారులు ప్రత్యక్ష జ్ఞానము ఇంద్రియమునకును విషయమునకును గల సన్నికర్షమువలన పుట్టునని చెప్పిరి. సన్నికర్షమనగా సన్నిధియే. ఉన్న వస్తువు ఏల కానరాకపోవును అను ప్రశ్నకు ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో ఏడవదానియందు ఎనిమిది కారణములను లెక్కించినాడు. అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియ ఘాతము, మనస్సు నిలుకడలేమి, సూక్ష్మత, అడ్డు, బలవత్తరమగు దానిచే కప్పబడుట, తనవంటివానితో కలిసిపోవుట అనునవి యవి. ఆ మహానుభావుడు యంత్రములకై దీనిని వ్రాయలేదు. అయినను దోషము వెదకువానికి ఈ యెనిమిది మెట్లు చక్కని త్రోవ చూపుచున్నవి. ఒక్కొక్కటిగ పరికింతము.

మొదటిది అతిదూరము. మిన్నున మిక్కిలి యెత్తున ఎగురు పక్షి మన కంటికి ఆనదు. 18 మిల్లీమీటర్ల లావు గల సాధారణ గ్రాహకము చూపు దూరము 5 మిల్లీమీటర్లు మాత్రమే. అందును నమ్మదగిన దూరము సుమారు 4 మిల్లీమీటర్లే; అనగా చెప్పిన దూరములో నూటికి 81 పాళ్లు. వేడిమి మార్పులు, తయారీలో వచ్చు చిన్న తేడాలు తక్కిన దానిని మ్రింగివేయును. నిరంతరము అదరు యంత్రమునకు బిగించిన మర నానాటికి వదులగును. బేరింగు అరిగి డ్రమ్ము ఒక ప్రక్కకు ఒరగును. ఒక మిల్లీమీటరు తొలగినను కావలివాడు గ్రుడ్డివాడగును. దినమెల్ల బాగుగ నుండి, నడుమ నడుమ మాత్రమే తప్పు చెప్పు గ్రాహకమును చూచినపుడు మొట్టమొదట అనుమానింపవలసినది ఈ దూరమునే. గ్రాహకమును మార్చుటకు ముందు కొలతబద్దను తీయవలయును.

రెండవది అతిసామీప్యము. కంటికి పెట్టిన కాటుక ఆ కంటికే కనబడదు. ఇచట కొంచెము భేదము కలదు. ఇనుము ఎంత దగ్గరకు వచ్చినను ఈ గ్రాహకము దానిని గుర్తించును. కాని దగ్గరతనము మితిమీరినచో తిరుగు పలక గ్రాహకపు మొగమునకు తగిలి దానిని చెక్కివేయును. మొగము చెక్కుకొనిపోయిన గ్రాహకమును తీసి అట్టిదే మరియొకటి అదే చోట బిగించుట కాలికి ముల్లు గ్రుచ్చుకొనగా ముల్లు తీయక పట్టీ మార్చినట్లుండును.

మూడవది ఇంద్రియ ఘాతము, అనగా ఇంద్రియమే చెడుట. సాధారణమగు గ్రాహకములు 70 డిగ్రీల వేడివరకు ఓర్చునట్లు చేయబడును. మన సీమలో వేసవిని నీడలోనే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఎండలో కాగు ఇనుప కప్పు క్రింద, వేడి గొట్టముల దాపున ఆ హద్దు దాటుట సులభము. వేడి సోకని చోటికి జరుపుట, నడుమ రేకు తెర కట్టుట, అధికోష్ణమునకై చేసిన రకమును తెచ్చుట దీనికి మందు.

ఇక నీరు. గ్రాహకముపై ఐ.పి. 67 అని ముద్రించియుండును. అందు 6 అనునది ధూళి చొరదనియు, 7 అనునది మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను హాని లేదనియు తెలుపును. అంతకుమించి అది యేమియు వాగ్దానము చేయదు. 2024 సెప్టెంబరులో మన మైలవరము కొండలలో పుట్టు బుడమేరు పొంగి, విజయవాడ సింగునగరు ప్రాంతమును దినముల తరబడి ముంచినది. అట్టి వరదలో నానిన యంత్రపు గ్రాహకము ఆరిన పిమ్మట వెలిగినంతమాత్రమున నమ్మదగినది కాదు. వర్షకాలమున నీరు మొగమునుండి కంటె తీగ వెంబడి లోనికి దిగుట మెండు. కావున తీగను గ్రాహకమునకు చేరుటకు ముందు కొంత క్రిందికి వ్రేలాడునట్లు వంపు తీసి పైకి తేవలయును. చూరునుండి జారు నీటివలె ఆ నీరు వంపు కడనే నేలరాలును. కాసు ఖర్చు లేని యీ జాగ్రత్త అనేక గ్రాహకముల ప్రాణము నిలుపును.

నాలుగవది మనస్సు నిలుకడలేమి. కన్ను చూచుచునే యుండును. మనస్సు అచట లేదు గావున చూచినదేమో తెలియదు. గ్రాహకము తన పని తాను చేయుచుండును. దాని కబురు మాత్రము పైకి చేరదు. సామాన్యముగా దానికి మూడు తీగలుండును. గోధుమరంగుది కరెంటు తెచ్చునది, నీలిరంగుది మరలించునది, నల్లనిది కబురు మోయునది. 10 మొదలు 30 వోల్టుల వరకు దానికి ఆహారము. ఎలుక కొరికినను, అదురుచే తీగ లోపల తెగినను, కలుపు చోట చిలుము పట్టినను కబురు దారిలోనే నశించును. చెడినదని పారవైచిన గ్రాహకము బల్లమీద పరీక్షింపగా బాగుగనే యున్నచో, దోషము తీగయందో కంట్రోలు పెట్టెయందో యున్నదని గ్రహింపవలయును.

ఐదవది సూక్ష్మత. చూడవలసిన వస్తువు మిక్కిలి చిన్నదైనను, దాని జాతి వేరైనను చూపు ఆనదు. గ్రాహకముపై వ్రాసిన దూరము మెత్తని ఇనుమునకు చెప్పినది. తుప్పుపట్టని ఉక్కునకు అది సుమారు నూటికి 70 పాళ్లగును. ఇత్తడికి, అల్యూమినియమునకు 40 పాళ్లు. రాగికి 30 పాళ్లే. ఇనుప పలక తుప్పుపట్టుచున్నదని సదుద్దేశముతో ఒకడు అల్యూమినియము పలక బిగించెననుకొనుడు. 5 మిల్లీమీటర్ల చూపు ఒక్కసారిగ 2 మిల్లీమీటర్లకు దిగును. గ్రాహకము నిన్నటిదే, దూరము నిన్నటిదే. అయినను అది మూగవోవును. కావున ఏమి చెడినది అని యడుగుటకు ముందు, ఏమి మార్చితిరి అని యడుగుట బుద్ధిమంతుల లక్షణము.

ఆరవది అడ్డు. గోడకు ఆవలనున్న కుండ కానరాదు. వెలుతురు కిరణముతో చూచు గ్రాహకములకు ధూళియే గోడ. వాని కంటిపై బొగ్గు దుమ్ముగాని సిమెంటుగాని పేరుకొన్నచో పని ముగిసినట్లే. ఇనుమును గుర్తించు గ్రాహకమునకు బొగ్గుపొడి, నూనె, బురద అడ్డుకావు. అందుచేతనే ఇట్టి చోట్ల దాని నెన్నుకొందురు.

ధాన్యపు మిల్లులోని సంగతి వేరు. అచట తొట్టిలో వడ్లు నిండినవో లేవో తెలుపు గ్రాహకము లోహమునే కాక ఏ పదార్థమునైనను గుర్తించు మరియొక జాతిది. దాని మొగమున తవుడు, తేమతో కూడి, అట్టకట్టినచో తొట్టి ఖాళీగ నున్నను నిండియున్నదని చెప్పును. ఇది కానరామి కాదు, భ్రాంతి. త్రాటిని చూచి పామనుకొనుట. మొగమును తుడిచి, వెనుకనున్న చిన్న మరను త్రిప్పి చురుకుదనము తగ్గించి, అట్టకట్టని చోటికి దానిని జరుపవలయును.

ఏడవది కప్పబడుట. పగటివేళ చుక్కలు లేకపోలేదు. సూర్యకాంతి వానిని కప్పును. పెద్ద మోటారు తీగల ప్రక్కనే గ్రాహకపు తీగను పరచినచో, ఆ పెద్ద కరెంటు దీని సన్నని మాటను ముంచివేయును. సమీపమున వెల్డింగు చేసినపుడో, మోటారు వేగము మార్చు డ్రైవు పెట్టె నడచినపుడో మాత్రమే తప్పు వచ్చుచున్నచో దోషము ఇదియే. రెండు తీగలను ఎడముగా నడుపవలయును; దాటక తప్పని చోట అడ్డముగ దాటించవలయును; జల్లెడ తొడుగు గల తీగను వాడి, ఆ తొడుగును భూమికి కలుపవలయును.

ఎనిమిదవది తనవంటివానితో కలిసిపోవుట. గింజలరాశిలో పడిన గింజను వేరుపరుప శక్యము కాదు. గ్రాహకము చుట్టును ఇనుప దిమ్మె మిక్కిలి దగ్గరగా నున్నచో అది దిమ్మెనే చూచి పలకను మరచును. ఇనుప రజను మొగమున పేరుకొన్నను అంతే. రెండు గ్రాహకములను ప్రక్కప్రక్కన నుంచినచో ఒకదాని క్షేత్రము మరియొకదానితో కలహించును. తయారుచేసినవారు ఇంత యెడముండవలెనని వ్రాసి యిచ్చిన కాగితమును చింపి పారవేయక దాచుకొనుట మేలు.

ఇక పరీక్షాక్రమము. వైద్యుడు నాడి చూడక ముందే మందు నూరడు. మొదటి నియమము: యంత్రమును ఆపి, దాని కరెంటును తీసి తాళము వేసి, ఆ తాళపుచెవిని పనిచేయువాడే తన దగ్గర నుంచుకొనవలయును. తిరుగు బెల్టు దాపున వంగి చూచుట ప్రాణాపాయము. పంచె చెరగునైనను, మెడలో తువ్వాలునైనను అది పట్టినచో విడువదు. యంత్రము పూర్తిగ నిలిచిన పిమ్మట మొగమును తుడిచి దూరము కొలువవలయును. తరువాత గ్రాహకమునకు మాత్రమే కరెంటు వచ్చునట్లు చేసి, ఒక ఇనుప పనిముట్టును దాని మొగము నెదుట పెట్టి తీయవలయును. గ్రాహకముపైనున్న చిన్న దీపము వెలిగి ఆరినచో ఇంద్రియము బాగున్నది. వస్తువునందో దూరమునందో దోషమున్నది. దీపము వెలిగియు కంట్రోలు పెట్టెలో దాని గుర్తు రానిచో దోషము తీగలో నున్నది. దీపమే వెలుగనిచో కరెంటు అందుచున్నదా యని వోల్టుమీటరుతో చూడవలయును. కరెంటు అందియు వెలుగనిచో అప్పుడు గదా గ్రాహకము చెడినదని నిశ్చయింపవలసినది!

ఇంకను సంశయమున్నచో అన్వయ వ్యతిరేకములను ఆశ్రయింపవలయును. ఒకటి యున్నపుడు ఉండి, అది లేనపుడు లేకపోవునదియే దాని కార్యము. బాగుగనున్న మరియొక చోటి గ్రాహకమును దీనితో తారుమారు చేసి చూడుడు. దోషము గ్రాహకముతో కూడ పోయినచో గ్రాహకముదే తప్పు. చోటుననే నిలిచినచో చోటుదే తప్పు. కాని ఒక్కమారు ఒక్కదానినే మార్చవలయును. తీగను, గ్రాహకమును, పలకను ఒకే పూట మార్చినవానికి యంత్రము నడచినను కారణము తెలియదు. కారణము తెలియని రోగము మరల వచ్చును. తేదీ వేసి, ఏమి చూచితిమి, ఏమి మార్చితిమి యని ఒక పుస్తకమున వ్రాసికొన్నచో మరుసటి వర్షకాలమున అదియే గురువగును.

ఇక నేను ముఖ్యముగా విన్నవింపదలచినది చెప్పెదను. మాటిమాటికి వట్టి భయము చెప్పి యంత్రమును ఆపివేయు గ్రాహకమున్నచో, పనివానికి విసుగు పుట్టును. పని ఆగినందులకు పైవారు కోపింతురు. అపుడతడు కంట్రోలు పెట్టెలో ఒక చిన్న తీగముక్కను కట్టి, గ్రాహకపు మాటతో నిమిత్తము లేకుండ యంత్రము నడచునట్లు చేయును. యంత్రము నడచును, అందరును సంతోషింతురు. నాన్నా పులి యను కథ మన మెరిగినదే. నిజముగా పులి వచ్చిన దినమున పిలుపు వినువారు లేకపోయిరి. ఇచట అంతకంటె ఘోరము, పిలుచువాని నోరే నొక్కబడినది. బెల్టు బిగిసి నిలిచి, మోటారు డ్రమ్ము మాత్రము దాని క్రింద తిరుగుచున్నచో ఆ రాపిడికి రబ్బరు కాగి అంటుకొనును. బొగ్గు దాపుననే యుండును. ఆ దినమున ఆ తీగముక్క విలువ ఎంతయో ఆలోచింపుడు.

బుద్ధిమంతులు ఈ కావలి నెట్లేర్పరచిరో చూడుడు. అంతయు బాగున్నదని కబురు వచ్చుచున్నంతకాలమే యంత్రము నడచును. కబురు ఆగినచో, బెల్టు నిలిచినను, తీగ తెగినను, గ్రాహకమే చచ్చినను యంత్రము నిలుచును. మౌనమును అపాయముగా భావించుట ఈ యేర్పాటులోని ధర్మము. తీగముక్క కట్టినవాడు మౌనమును క్షేమముగా మార్చుచున్నాడు. అందుచే గ్రాహకపు దోషమును సకాలమున తీర్చుట యంత్రసేవ మాత్రమే కాదు, దాని మాటపై మనుష్యులకు నమ్మకము నిలుపుటయు నగును.

పెద్దలారా! మీలో మిల్లులు గలవారున్నారు. మీ యాజమాన్యములో ఇట్టి తీగముక్క యొక్కటియు నుండగూడదని ఆజ్ఞాపింపుడు. పరీక్షకై యంత్రము గంటసేపు నిలిచిన దానికి పనివానిని కసరకుడు. కర్మాగారములలో పనిచేయు బిడ్డలు పండుగకు ఇంటికి వచ్చినపుడు జీతమెంతయని యడుగుటతో పాటు, మీ కావలి గ్రాహకములు మాటాడుచున్నవా, లేక వాని నోరు కట్టిరా యనియు అడుగుడు. పెద్దలు అడుగు ప్రశ్నకు పిల్లలు తలవంచక తప్పదు. ఆ యొక్క ప్రశ్న ఏదేని యొక యింటి దీపమును నిలుపవచ్చును.